నిర్ధారకము సున్న అయిన చోట

తిరుపతి నుండి చిత్తూరునకు పోవు మార్గమున, చంద్రగిరి దాటిన పిమ్మట, కొండల నడుమ గాదంకి యను చిన్న యూరు కలదు. అచ్చట సుమారు 130 మీటర్ల పొడవును అంతే వెడల్పును గల చదునైన నేలపై, వరుసకు 32 చొప్పున 32 వరుసలలో, 1024 యాంటెన్నాలు తీర్చి నిలుపబడియున్నవి. ఒకప్పుడు దూరదర్శన్ కార్యక్రమములకై మన డాబాల మీద నిలుపుకొనిన యాగీ యాంటెన్నాల జాతివే యివియును. కాని యివి చూచునది నడినెత్తి ఆకాశము. మేఘపు తునుకయైనను లేని నిర్మలాకాశములోనికి 53 మెగాహెర్ట్జుల తరంగములను పంపి, గాలి సుడులలోని సూక్ష్మ భేదముల వలన వెనుకకు మరలివచ్చు అతిక్షీణమైన ప్రతిధ్వనిని పట్టి, ఏ యెత్తున గాలి యే దిక్కునకు ఎంత వేగముతో వీచుచున్నదో ఈ ఎం.ఎస్.టి. రాడారు చెప్పును. 1990 దశకపు తొలి సంవత్సరములలో పనికి వచ్చిన యీ యంత్రమున తిరిగెడి గొడుగు లేదు, వంగెడి స్తంభము లేదు. అది యే దిక్కునకు చెవి యొగ్గవలెనో నిర్ణయించునది కేవలము లెక్క. ఇంతటి యంత్రము మన సీమలోనే యుండగా, దానికి ప్రాణమైన గణితమును మన పిల్లలకు మనము చెప్పుచున్న తీరును గూర్చి నాకొక ఫిర్యాదు కలదు. దానిని పాఠకుల యెదుట పెట్టుటకే యీ వ్రాత.

ముందుగా, దిక్కు ఎట్లు తెలియును? ఒంటరి యాంటెన్నాకు దిక్కు దాదాపుగా తెలియదు. తన్ను తాకిన తరంగము బలమైనదో బలహీనమైనదో మాత్రమే దానికి తెలియును. గాదంకి రాడారు వాడు తరంగపు దైర్ఘ్యము సుమారు 5.66 మీటర్లు, పక్కపక్క యాంటెన్నాల నడుమ దూరము ఇంచుమించు 4 మీటర్లు. ప్రతిధ్వని సరిగా నడినెత్తి నుండి వచ్చినచో అన్ని యాంటెన్నాలను ఒక్క క్షణముననే తాకును. అదియే 10 డిగ్రీలు వాలి వచ్చినచో, ఒక యాంటెన్నాను తాకిన పిమ్మట దాని పొరుగుదానిని తాకుటకు తరంగము మరి 69 సెంటీమీటర్లు నడువవలెను. ఆ నడకకు పట్టు కాలము సెకనులో నూరు కోట్లవ వంతులు రెండు లేక మూడు. కాని తరంగపు దశలో అది 44 డిగ్రీల వ్యత్యాసము, కొలుచుటకు చాలినంత. కావున దిక్కు అనునది ఏ యొక్క యాంటెన్నాలోను లేదు. అది రెండింటి నడుమ నున్న తేడాలో నున్నది. ఊరి రచ్చబండ యొద్ద తగవు తీర్చు పెద్ద, సాక్షులలో ఒక్కొక్కరు చెప్పినదాని కంటె, ఎవరి మాట ఎవరి మాటతో ఎంతవరకు కలియుచున్నదో అనుదానినే మిక్కిలి శ్రద్ధతో గమనించును గదా. యాంటెన్నాల శ్రేణి యెదుట కూర్చున్న గణితజ్ఞుడు చేయు పనియు అదియే. ఆ కలయికల నన్నింటిని అడ్డముగను నిలువుగను పట్టిక కట్టి వ్రాసినచో వచ్చునది ఒక మాత్రిక. ఐదవ యడ్డవరుసకును తొమ్మిదవ నిలువువరుసకును కూడలియందు వ్రాసిన సంఖ్య, ఐదవ యాంటెన్నాయు తొమ్మిదవ యాంటెన్నాయు ఎంతగా ఏకీభవించినవో చెప్పును. శాస్త్రజ్ఞులు దీనిని సహవిస్తృతి మాత్రిక యందురు.

ఈ మాత్రిక మన పిల్లలకు క్రొత్తది కాదు. ఎం.పి.సి. చదివిన ప్రతి తెలుగు విద్యార్థియు ఇంటర్మీడియట్ మొదటి యేటనే మాత్రికలతో మల్లయుద్ధము చేసియే వచ్చియుండును. క్రేమర్ పద్ధతి, విలోమ మాత్రికా పద్ధతి, గాస్–జోర్డాన్ పద్ధతి — మూడు సమీకరణములు, మూడు అజ్ఞాతములు, తప్పక వచ్చు పెద్ద ప్రశ్న, చేతికందిన మార్కులు. ఈ యధ్యాయమును మన కళాశాలలు ఎంత శ్రద్ధతో రుద్దించునో ఎరుగనివారు లేరు. నిద్రలో లేపి అడిగినను సహఖండములను దప్పక వ్రాయగల పిల్లలను నేనెరుగుదును. కాని ఈ శిక్షణలో ఒక విచిత్రమైన హద్దు కలదు. నిర్ధారకము సున్న యైనదా? అయినచో విలోమము లేదు. విలోమము లేదు గనుక ఏకైక సాధన లేదు. ఆ వాక్యము వ్రాసి విద్యార్థి కలము ఎత్తివేయును, ఉపాధ్యాయుడు పుట త్రిప్పివేయును. సున్న అనగా అక్కడికి దారి ముగిసినదని మనము నేర్పుచున్నాము. వాస్తవమున సెన్సర్ల శాస్త్రమంతయు ఆ సున్న యొద్దనే ఆరంభమగుచున్నది.

మాట మాత్రమున చెప్పి విడువక, లెక్కయే వేసి చూపెదను. ఒక బల్లపై రెండు మైక్రోఫోనులు పెట్టి, వాని కెదురుగా, రెండింటికిని సమదూరమున ఒకరు నిలిచి మాటలాడుచున్నారనుకొనుడు. రొద బొత్తిగా లేదు. రెండింటికిని ఒకే స్వరము ఒకే క్షణమున చేరును. ఆ స్వరపు సగటు బలము 4 అనుకొన్నచో, మొదటి మైకు తనతో తాను కలియుట 4, రెండవదానితో కలియుట 4, రెండవది తనతో తాను కలియుట 4. మాత్రికలోని నాలుగు గడులలోను నాలుగే. దీని నిర్ధారకము నాలుగు నాలుగుల పదునారు మైనస్ నాలుగు నాలుగుల పదునారు, అనగా సున్న. పరీక్షలో ఇది చచ్చిన మాత్రిక. కాని ఇది చెప్పుచున్న వార్త వినుడు: మైకులు రెండున్నను వినబడుచున్న గొంతు ఒక్కటే. మాత్రిక కోటి, అనగా దానిలోని స్వతంత్రమైన వరుసల సంఖ్య, ఒకటి; మాటలాడువారును ఒకరే. సున్నయే ఇచ్చట సమాధానము.

ఇక లోకములో రొద లేని చోటు లేదు గనుక, ప్రతి మైకులోను దాని సొంత గురగుర బలము 1 చొప్పున చేర్పుడు. ఒకదాని గురగురకు రెండవదాని గురగురతో పొత్తు లేదు గనుక అది కర్ణమునందు మాత్రమే చేరును. ఇప్పుడు కర్ణమున 5, 5. పక్కగడులలో 4, 4. నిర్ధారకము 25 మైనస్ 16, తొమ్మిది, సున్న మాయమైనది. అయినను అది ఎక్కడికిని పోలేదు, రొద క్రింద దాగినది. ఇంజనీరింగు మొదటి యేట పిల్లలు ఐగెన్ విలువలని వల్లించు లాక్షణిక మూలములను ఈ మాత్రికకు కట్టి చూడుడు: కర్ణము నుండి ఒక సంఖ్యను తీసివేసి నిర్ధారకమును సున్న చేయవలెను, ఐదులో నుండి ఆ సంఖ్య పోగా మిగిలినదాని వర్గము 16, కావున ఆ సంఖ్యలు 9, 1. ఈ రెండు సంఖ్యలును గాలిలో పుట్టినవి కావు. రెండు మైకుల ధ్వనులను కలిపి, రెండు యొక్క వర్గమూలముచే భాగించి విన్నచో గొంతు బలము రెట్టింపై 8, దానికి రొద 1 చేరి 9 వచ్చును. ఒకదానిలో నుండి మరియొకదానిని తీసివేసి, అట్లే భాగించి విన్నచో గొంతు పూర్తిగా కొట్టివేయబడి, ఉత్త రొద 1 మిగులును. పెద్ద మూలము గొంతునకు, చిన్న మూలము రొదకు చెందినవి. పెద్ద మూలములెన్నియో అన్ని గొంతులు. వాని వెంటనుండు సదిశలలో ఆ గొంతులు వచ్చిన దిక్కులు. ఈ నాలుగు పంక్తుల లెక్కను అర్థము చేసికొనుటకు ఇంటర్మీడియట్ పిల్లవానికి లేని శక్తి యేదియో నాకు గోచరింపదు.

ఈ భావము ప్రపంచమునకు ఒక్కనాట తోచినది కాదు. దీనిని తోపించినది యుద్ధభయము. భూగర్భమున రహస్యముగా జరుపు అణుపరీక్షలను దూరము నుండి పసిగట్టవలెనని అమెరికావారు 1960 దశకపు నడుమ మొంటానా రాష్ట్రమున, సుమారు 200 కిలోమీటర్ల వ్యాసము గల ప్రదేశమునందు 525 భూకంపమాపకములను పాతిరి. అంతకు ముందువారు చేసిన పని, కాలపు తేడాలను సరిదిద్ది అన్నింటిని కూడుట మాత్రమే. ఆ మొంటానా శ్రేణి సమాచారముతో పనిచేసిన జాక్ కేపన్, కోరిన దిక్కును చెక్కుచెదరనీయక, మిగిలిన దిక్కుల నుండి వచ్చు అలజడిని సాధ్యమైనంత అణచుటకు సహవిస్తృతి మాత్రిక యొక్క విలోమమును వాడవచ్చునని 1969లో చూపెను. ఆ మొంటానా శ్రేణి వెలసిన కాలముననే, 1965లో, హిందూపురము నుండి బెంగుళూరునకు పోవు రైలుదారిలోని గౌరీబిదనూరు నందు, బ్రిటిషువారి సహకారముతో మన యణుశక్తి శాఖవారును ఇరువది భూకంపమాపకములను, ఎల్ అక్షరపు ఆకారమున, ఒక్కొక్క చేయి సుమారు 25 కిలోమీటర్ల పొడవుగా నాటిరి. మన తెలుగుసీమ సరిహద్దునకు అంత చేరువ నుండి ఇంతకాలముగా భూమికి చెవి యొగ్గియున్న యీ శ్రేణిని గూర్చి మన పాఠ్యపుస్తకములలో ఒక్క వాక్యమైనను నా కంటబడలేదు.

కేపన్ విలోమమును వాడెను. ఆయన తరువాతివారు విలోమము లేనితనమునే వాడుకొనిరి. రాల్ఫ్ ష్మిట్ అను అమెరికా ఇంజనీరు 1979లో వెల్లడించి, 1986లో విస్తృత ప్రచారమునకు తెచ్చిన మ్యూజిక్ పద్ధతి, మన రెండు మైకుల లెక్కయందలి చిన్న మూలమును పట్టుకొనును. రొదకు చెందిన సదిశలన్నియు గొంతుల దిక్కులకు లంబముగా నుండవలెను గనుక, ఆకాశమునందలి ప్రతి దిక్కును ఒక్కొక్కటిగా తెచ్చి రొదసదిశల ముందు నిలిపి, ఏ దిక్కు వానికి సరిగా లంబమగునో చూచినచో చాలును. అచ్చట గొంతు కలదు. వినదలచిన గొంతును విడిచి రొదను విని, ఆ రొద ఎచ్చట మౌనము వహించునో దానిని బట్టి గొంతును కనిపెట్టుట — ఈ చమత్కారమునకు నేను ఎన్నిసార్లు తలచుకొన్నను ఆశ్చర్యపడుచునే యుందును. ఆ వెంటనే ఈ వెదకులాటయు నక్కరలేని ఎస్ప్రిట్ పద్ధతిని రిచర్డ్ రాయ్, ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్ అనువారు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రూపొందించిరి. వీరిలో పాల్‌రాజ్ అప్పటి మన నౌకాదళపు అధికారి. 1971 డిసెంబరు యుద్ధమున, విశాఖ తీరమున పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిన కొద్ది దినములకే, అరేబియా సముద్రమున మన ఖుక్రీ నౌకను శత్రువుల జలాంతర్గామి ముంచినది. మన నౌకలకు సముద్రగర్భమును వినగల చెవులు చాలవను సత్యము అప్పుడు తెలియవచ్చినది. ఆ కొరత తీర్చుటకు కొచ్చి ప్రయోగశాలలో దేశీయ సోనారును నిర్మింపజేసిన బృందమునకు నాయకుడైన పిమ్మటనే పాల్‌రాజ్ స్టాన్‌ఫర్డునకు పోయెను. 1990 దశకపు మొదట ఆయన ప్రతిపాదించిన బహు యాంటెన్నాల భావము నేడు మన చేతిలోని సెల్‌ఫోనుకును ఊరి చివరి టవరునకును నడుమ పనిచేయుచున్నది.

ఇప్పుడు మన యింటి మాటకు వత్తును. రొద నడుమ నుండి దిక్కును ఎంత సూక్ష్మముగా కనిపెట్టవచ్చునను దానికి ఒక హద్దు కలదు. ఎవడెంత తెలివిగల పద్ధతి కనిపెట్టినను, సగటున తప్పనిది చెప్పు ఏ పద్ధతియు ఆ హద్దును దాటజాలదు. క్రొత్త పద్ధతిని ప్రకటించు ప్రతి పరిశోధకుడును తన ఫలితమును ఆ హద్దు ప్రక్కన గీసి చూపుట నేటికిని ఆచారము. దానిని క్రేమర్–రావు హద్దు అందురు. ఇందలి క్రేమర్ స్వీడను దేశపు హెరాల్డ్ క్రేమర్. పిల్లలకు మార్కులిచ్చు స్విట్జర్లాండు క్రేమర్ వేరొకడు, ఇతనికి ఇంచుమించు రెండువందల యేండ్లు ముందటివాడు. ఇందలి రావు మన కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో బడిచదువులు చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము నభ్యసించిన యాయన, కలకత్తాలో 1945లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున ఆ ఫలితమును ప్రకటించెను. మన లెక్కకు ఇంతకంటె దగ్గరి సంబంధము గలది ఆయన మరియొక పని. హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబు ప్రభావమును గూర్చి జపానులో సేకరించిన సమాచారమును 1954 ప్రాంతమున ఆయన విశ్లేషింపవలసి వచ్చినపుడు, విలోమము కట్టవలసిన మాత్రిక యొక్క నిర్ధారకము సున్న యైనది. మన యింటర్మీడియట్ విద్యార్థి కలమెత్తివేయు చోట ఆయన కలము దింపెను. విలోమము లేని మాత్రికకును విలోమము చేయవలసిన పనిని చేయగల మరొకదానిని నిర్మింపవచ్చునని గ్రహించి, ఆ భావమును పెంచి పోషించి, 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి సాధారణీకృత విలోమములపై గ్రంథమును వ్రాసెను. రావుగారు అమెరికాలోని పిట్స్‌బర్గు చేరిన తరువాత అచ్చటనే పనిచేయుచుండిన మరియొక తెలుగువాడు పరుచూరి రామకృష్ణయ్య, చైనా పండితులైన జావో, బాయి అనువారితో కలిసి 1986లో, రొద నడుమ వినబడు గొంతులెన్ని యను ప్రశ్ననే తీసికొని, లాక్షణిక మూలములను బట్టి ఆ లెక్కను నిశ్చయించు పద్ధతికి దృఢమైన పునాది వేసెను. రావుగారు 2023లో నూటరెండేండ్ల వయసున కాలధర్మము చెందినపుడు మన పత్రికలు సముచితముగా నివాళులర్పించినవి. గణాంకశాస్త్ర పితామహుడని పొగడినవి. అయితే సున్న యొద్ద ఆయన చేసిన పని యేమో తెలుగు విద్యార్థికి చెప్పినవారు ఎందరు?

సున్న చెప్పినదెల్ల నమ్మవలెనని నేననుట లేదు. ఒక గొంతును, గోడను తాకి మరలివచ్చిన దాని ప్రతిధ్వనియు కలిసి రెండు దిక్కుల నుండి వచ్చినచో, రెండింటిలోను ఉన్నది ఒకే మాట గనుక, మాత్రిక కోటి ఒకటిగనే మిగిలిపోవును. దిక్కులు రెండు, మాత్రిక చెప్పునది ఒకటి. ఇట్టి సందర్భమున మ్యూజిక్ పద్ధతి నిండుగా మోసపోవును. శ్రేణిని ఒకదానిపై నొకటి ఒరసియుండు చిన్న శ్రేణులుగా విడగొట్టి, వాని మాత్రికలను సగటు కట్టుటచే ఈ చిక్కును విప్పవచ్చునని 1980 దశకమున కొందరు చూపిరి గాని, దానికి మూల్యముగా సెన్సర్లలో కొంత భాగమును వదలుకొనవలెను. సెన్సర్ల స్థానములు కాగితముపై నున్నట్లు నేలపై నుండకపోవుట, వినిన కాలము చాలకపోవుట, మూలములలో పెద్దవేవో చిన్నవేవో స్పష్టముగా విడిపోకపోవుట — ఇవియన్నియు నిజమైన యంత్రము యెదుట కూర్చున్నవారికి దినదినము ఎదురగు తలనొప్పులే. ఇవి తెలియుటయే చదువు. సూత్రము వ్రాసి సున్న దగ్గర ఆగుట చదువు కాదు.

దీనికి కళాశాలలు చెప్పు సమాధానము నాకు తెలియును. పాఠ్యభాగము ఇప్పటికే బరువైనది, ప్రవేశపరీక్షలలో నాలుగింటిలో సరియైనదానికి గురి పెట్టుటయే పని, అడగని ప్రశ్నకు కాలము వెచ్చించుట పిల్లలకు అన్యాయము — ఇదియే వారి వాదము. ఈ వాదమును తేలికగా తీసివేయను; రాంకుపై బ్రదుకు ఆధారపడిన పిల్లవాని తండ్రికి రాడారుల కథలు చెప్పుట సులభము గాదు. కాని నేను కోరునది క్రొత్త అధ్యాయము కాదు. ఉన్న అధ్యాయములోనే, నిర్ధారకము సున్న యగునని చెప్పు పుట తరువాత ఒక పుట చేర్పుడు. ఇంజనీరింగు కళాశాలలలో ఐగెన్ విలువలను కేలీ–హామిల్టన్ సిద్ధాంతమునకు తోకగా కట్టి నేర్పుటకు బదులు, రెండు మూడు చవుక మైకులను కంప్యూటరునకు తగిలించి, ఎదుట ఒకనిని, ప్రక్కన ఒకనిని నిలిపి మాటలాడించి, అచ్చటనే మాత్రిక కట్టి చూపుడు. దీనికి అగు ఖర్చు ఒక వార్షికోత్సవపు ఫ్లెక్సీ ఖర్చు కంటె తక్కువ. పిల్లలను గాదంకికి విహారయాత్రగా కొనిపోయి, యాంటెన్నాల ముందు ఫోటో తీయించి, తిరుమలలో దర్శనము చేయించి తిరిగి తెచ్చు కళాశాలలు లేకపోలేదు. ఆ యాత్రకు ముందురోజున ఒక గంట ఈ లెక్క వేయించినచో ఆ పొలములో వారు చూచునది వేరుగా నుండును.

పరీక్షలో అడగనిది బోధింపబడదని గదా వాదము, అయినచో అడుగుడు. నేనే యొక ప్రశ్న కూర్చి యిచ్చెదను. ఒకే సరళరేఖపై 17 సెంటీమీటర్ల కొకటి చొప్పున మూడు మైకులు. వినబడు ధ్వని వేయి హెర్ట్జులది, దాని తరంగదైర్ఘ్యము 34 సెంటీమీటర్లు. ప్రతి మైకులోను రొద బలము 1. సహవిస్తృతి మాత్రిక యొక్క మొదటి వరుస 7, 2, 6. రెండవది 2, 7, 2. మూడవది 6, 2, 7. మాటలాడువారు ఎందరు, ఏ దిక్కున? కర్ణము నుండి రొదకు చెందిన ఒకటిని తీసివేసినచో మొదటి వరుస 6, 2, 6. మూడవ వరుసయు 6, 2, 6. రెండు వరుసలు సమానము గనుక నిర్ధారకము సున్న యని ప్రతి విద్యార్థియు చూడగానే చెప్పును. కలమెత్తక మరి రెండు పంక్తులు వ్రాసినచో కోటి రెండు గనుక మాటలాడువారు ఇద్దరనియు, మొదటి మైకును మూడవ మైకును పూర్తిగా ఏకీభవించుచున్నవి గనుక వారిలో ఒకరు సరిగా ఎదుటను, మరియొకరు మైకుల వరుసకు కొసనను నిలిచియున్నారనియు తేలును. కొస యనగా కుడి కొసయో ఎడమ కొసయో, ఎదురనగా వరుసకు ముందో వెనుకయో ఈ మూడు మైకులు చెప్పలేవు. ఆ మాటను కూడ వ్రాసిన విద్యార్థికి ఒక మార్కు అదనముగా వేయవలెను.